నా ల్యాప్‌టాప్‌లో మా ఊరు: ఒక ఫైల్ మేనేజర్ ముచ్చట



నా ల్యాప్‌టాప్ చూసినోళ్లు మొదట అడిగే మాట "ఇదేం గేమ్?" అని. గేమ్ కాదు. ఫైళ్లు, ఫోల్డర్లు తెరిచి చూసుకునే మామూలు ఫైల్ మేనేజర్. కాకపోతే పాత మేరియో గేమ్ లెక్క నీలం ఆకాశం, కింద ఇటుకల నేల, గడులు గడులుగా కనపడే బొమ్మలు ఉంటాయి. ఫోల్డర్ బొమ్మ ఉండాల్సిన చోట గంప ఉంటది, డాక్యుమెంట్స్ చోట రేకు పెట్టె ఉంటది. ఎట్ల చేసినవ్ అని అడిగినోళ్ల కోసం ఈ పోస్టు. పొడుగైతది, ఓపికగా చదవండి. ఎట్ల చేసిన అన్నదానితో పాటు ఎందుకు చేసిన అన్నది కూడా చెప్తా.

మనలో చాలామందికి కంప్యూటర్ అంటే మొదట గుర్తొచ్చేది తాళం. నేను చదివిన ఆశ్రమ పాఠశాలలో కంప్యూటర్ రూమ్ ఉండేది. సిస్టమ్స్ అన్నిటి మీద బట్ట కప్పి ఉండేది. తాళంచెవి ఒక సార్ దగ్గర. ఏడాదికి నాలుగైదు సార్లు లోపలికి తీసుకపోతే చెప్పులు బయట విడిచి, చేతులు కట్టుకుని నిలబడి చూసేటోళ్లం. "ముట్టుకోకండి, ఖరాబైతే పైసలు ఎవరు కడతరు?" అన్న మాట ఎక్కాల లెక్క గట్టిగా మనసులో పడిపోయింది. డిగ్రీకి వచ్చినంక కూడా ల్యాబ్‌లో మౌస్ పట్టుకుంటే చెయ్యి వణికేది. పక్కన టౌన్ పిల్లలు టకటకా నొక్కుతుంటే నేను ప్రతి బటన్ ముందు ఆగి ఆలోచించేదాన్ని. తెలివి తక్కువై కాదు, ఈ వస్తువు మనది కాదు అన్న బెదురు.

మొన్న దసరా సెలవులకు తమ్ముడు ఇంటికొచ్చాడు. ఎనిమిదో తరగతి. నా ల్యాప్‌టాప్ ముందు కూర్చుని రెండు చేతులు ఒళ్లో పెట్టుకుని చూస్తున్నడు. "ముట్టుకోరా, ఏం కాదు" అంటే "ఏమన్నా అయితే అక్కా?" అన్నడు. అదే మాట, అదే బెదురు. కానీ వీడే మా బావ వాళ్లింట్లో అంగడిలో కొన్న వీడియో గేమ్ రిమోట్ పట్టుకుంటే లేవడు. మేరియోని ఎన్నిసార్లు గుంటలో పడేసినా వాడికి బెదురు లేదు, మళ్లీ మొదలుపెడతడు. ఆ ధైర్యం ల్యాప్‌టాప్ ముందు ఎందుకు లేదు? అక్కడి నుంచి పుట్టింది ఈ ఆలోచన.

ముందు నా మిషన్ సంగతి. సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్, 4 జీబీ ర్యామ్. విండోస్ వేస్తే ఆన్ అయ్యేలోపు చాయ్ తాగి రావచ్చు. సీనియర్ అన్న ఒకాయన లినక్స్ మింట్ వేసి ఇచ్చాడు, మాటే ఎడిషన్. మాటే అన్నది దక్షిణ అమెరికాలో ఆకు కాచుకుని తాగే పానీయం పేరు. దాని కథ మనకు నచ్చే కథ. గ్నోమ్ అనే డెస్క్‌టాప్ 2011లో మూడో వెర్షన్‌కి వచ్చినప్పుడు రూపం మొత్తం మార్చేశారు. అర్జెంటీనాలో ఒకాయనకు ఆ మార్పు నచ్చలేదు. పాత రెండో వెర్షన్ కోడ్ తీసుకుని, తనే నడపడం మొదలుపెట్టాడు. తర్వాత చాలామంది కలిశారు. లైసెన్సే అట్ల ఉంటది: చూడొచ్చు, మార్చొచ్చు, మార్చింది పంచొచ్చు. ఆ డెస్క్‌టాప్‌లో ఫైల్ మేనేజర్ పేరు కాజా. స్పానిష్‌లో పెట్టె అని అర్థం. మనకేమో స్వీట్ షాప్ గుర్తొస్తది. "కాజా తెరువు" అంటే తమ్ముడు నిజంగానే తినేది అనుకున్నాడు.

ఇప్పుడు గేమ్ సంగతి. సూపర్ మేరియో బ్రదర్స్ 1985లో వచ్చింది. మొత్తం గేమ్ సైజు 40 కేబీ. మన ఫోన్‌తో తీసిన ఒక ఫోటో సైజులో అట్లాంటి గేములు యాభై దాకా పట్టొచ్చు. ఆ మిషన్‌లో స్క్రీన్ అంటే 256 అడ్డం, 240 నిలువు చుక్కలు. బొమ్మలన్నీ 8 చుక్కల పొడవు, 8 చుక్కల వెడల్పు ఉన్న చిన్న ముక్కలతోనే కట్టాలి. వెనక దృశ్యంలో 16కి 16 చుక్కల జాగాకి మూడు రంగులు, అందరికీ ఉమ్మడిగా ఒక బ్యాక్‌గ్రౌండ్ రంగు. అంతకన్నా ఎక్కువ వాడనియ్యదు. అందుకే ఆ గేమ్ చేసినోళ్లు ఒక ఉపాయం చేశారు. ఆకాశంలో మబ్బు, నేల మీద పొద, రెండూ ఒకటే బొమ్మ. రంగు మారిస్తే మబ్బు పొద అయింది. ఈసారి ఆడినప్పుడు గమనించండి.

నేను అదే నియమం పెట్టుకున్నా. 16 గడులు అడ్డం, 16 నిలువు, మూడు రంగులు. దీంట్లో పెద్ద లాభం ఏందంటే, బొమ్మ గీయడం రాకున్నా నడుస్తది. లెక్కల గడుల నోట్‌బుక్, స్కెచ్ పెన్నులు ఉంటే చాలు. కరెంటు పోయినప్పుడు కూడా పని ఆగదు. తమ్ముడు సగం బొమ్మలు అట్లనే గీశాడు, మంచం మీద బోర్లా పడుకుని.

ఎట్ల చేయాలో క్రమంగా చెప్తా.

మొదటిది, రంగులు, అంచులు. కాజాలో కంట్రోల్, హెచ్ కలిపి నొక్కితే దాచిపెట్టిన ఫోల్డర్లు కనపడతాయి. వాటి పేర్లు చుక్కతో మొదలవుతాయి. కాన్ఫిగ్ అనే దాంట్లో జీటీకే-3.0 అనే ఫోల్డర్, అందులో జీటీకే డాట్ సీఎస్ఎస్ అనే ఫైల్. లేకపోతే మనమే కొత్తది చేసుకోవచ్చు. వెబ్ పేజీలకు రాసే సీఎస్ఎస్ లాంటిదే. మూలల గుండ్రం సున్నా, బటన్‌కి నాలుగు పిక్సెల్స్ నల్ల అంచు, నీడలో మసక లేకుండా ఒక పక్కకు జరిపిన చార. ఈ మూడు మాటలతోనే సగం పాత గేమ్ వచ్చేస్తది. మళ్లీ వెనక్కి పోవాలంటే ఆ ఫైల్ పేరు మార్చి, లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అయితే చాలు, పాత రూపం వచ్చేస్తది. ఇది నేను తమ్ముడికి మూడుసార్లు చేసి చూపించా. అన్నిటికన్నా ముందు వాడు నేర్చుకున్నది ఇదే: పాడు చేయడం, మళ్లీ బాగు చేయడం. విండో పైన ఉండే టైటిల్ బార్ మాత్రం దీనికి లొంగదు, అది మార్కో అనే వేరే ప్రోగ్రాం చూసుకుంటది.

రెండోది, వెనక పరదా. కాజాలో ఎడిట్ మెనూలో బ్యాక్‌గ్రౌండ్స్ అండ్ ఎంబ్లమ్స్ అని ఉంటది. చిన్న బొమ్మ ముక్కని నమూనాగా ఇస్తే ఫోల్డర్ లోపల అంతా పరుస్తది, గేమ్‌లో ఇటుకలు పేర్చినట్టు. ఇది పాత గ్నోమ్ నుంచి వచ్చింది.

మూడోది, బొమ్మలు. అసలు కథ ఇక్కడే ఉంది.

హోమ్‌లో దాచిన లోకల్ ఫోల్డర్, అందులో షేర్, అందులో ఐకాన్స్. అక్కడ మన థీమ్ పేరుతో ఒక ఫోల్డర్ చేయాలి. లోపల ఇండెక్స్ డాట్ థీమ్ అనే చిన్న ఫైల్. అందులో థీమ్ పేరు, ఏ సైజు బొమ్మలు ఏ ఫోల్డర్‌లో ఉన్నాయి, ఎవరి నుంచి వారసత్వం తీసుకోవాలి అన్నది రాయాలి. నిజంగానే ఆ మాట ఇన్‌హెరిట్స్ అనే ఉంటది. నేను మింట్-వై అని రాశా. తర్వాత మన బొమ్మలు ఒక్కొక్కటి పెట్టడమే. పేర్లు మాత్రం అందరూ ఒప్పుకున్నవే వాడాలి. ఇంటికి యూజర్-హోమ్, మామూలు ఫోల్డర్‌కి ఫోల్డర్, చెత్తబుట్టకి యూజర్-ట్రాష్, అందులో ఏమన్నా ఉంటే యూజర్-ట్రాష్-ఫుల్. చివరికి కంట్రోల్ సెంటర్, అప్పియరెన్స్, కస్టమైజ్, ఐకాన్స్‌కి పోయి మన థీమ్ ఎంచుకోవాలి.

16 గడుల బొమ్మని పెంచేటప్పుడు ఒక జాగ్రత్త. జింప్‌లో స్కేల్ ఇమేజ్ దగ్గర ఇంటర్‌పోలేషన్ అన్నచోట నన్ అని పెట్టాలి. లేకపోతే అంచులు మసకబారి గేమ్ అందం పోతది. 16ని 32, 48, 64 చేయొచ్చు, గుణకాలు కాబట్టి. 24 చేస్తే గడులు వంకరపోతాయి, దానికి వేరే గీసుకోవాలి.

మొదట నా ఆలోచన మేరియోలో ఉన్న ప్రశ్న గుర్తు డబ్బా, పచ్చ గొట్టం, నాణెం, ఇవే పెడదామని. కానీ ఆ బొమ్మలు నింటెండో వాళ్లవి. నేను ఒక్కదాన్నే వాడుకుంటే సరే, మీ అందరికీ పంచాలంటే నా సొంత బొమ్మలు ఉండాలి. అప్పుడు తమ్ముడే అన్నాడు, "మనింట్ల ఉన్నవే గీద్దాం అక్కా." సరే అని ఇల్లంతా తిరిగినం.

హోమ్‌కి మా పెంకుటిల్లు. డెస్క్‌టాప్‌కి ఇంటి ముందు అరుగు, ఎవరొచ్చినా మొదట కూర్చునేది అక్కడే కదా. డౌన్‌లోడ్స్‌కి చేనుకు నీళ్లు తీసుకపోయే సొరకాయ బుర్ర. మ్యూజిక్‌కి తుడుం. మామూలు ఫోల్డర్‌కి గంప. మబ్బు, పొద ఉపాయం లెక్కనే ఒకే గంపకి రంగులు మార్చి నాలుగు ఫోల్డర్లు చేశాడు వాడు. ట్రాష్‌కి పెంటకుప్ప. ఇది వాడు నవ్వుకుంట చెప్పాడు గానీ, నాకు భలే సరిపోయింది అనిపించింది. ట్రాష్‌లో వేసింది వెంటనే పోదు, అక్కడే ఉంటది, కావాలంటే మళ్లీ తీసుకోవచ్చు. పెంట కూడా అంతే, పారేసింది కాదు, చేనుకు పోవాల్సింది.

డాక్యుమెంట్స్‌కి రేకు పెట్టె. ఇది మీకు విడమరిచి చెప్పనక్కర్లేదు. మంచం కింద ఉంటది. పోడు పట్టా, కులం సర్టిఫికెట్, రేషన్ కార్డు, పదో తరగతి మెమో, అన్నీ ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి దాంట్లోనే. స్కాలర్‌షిప్ అప్లికేషన్లకు స్కాన్ చేసినవన్నీ ఇప్పుడు ల్యాప్‌టాప్‌లో ఆ బొమ్మ కిందనే ఉన్నాయి. అవ్వ ఆ బొమ్మ చూసి "తాళం ఏది?" అని అడిగింది. మూడు రంగుల్లో చిన్న తాళం కూడా పెట్టినం.

పిక్చర్స్ దగ్గర ఆగినం. గుస్సాడి టోపీ పెడితే ఎట్లుంటది అని నాకు అనిపించింది. మల్‌బూర కన్నా అందమైనది మా దగ్గర ఏముంది? గుస్సాడి ఆటకు 2021లో కనక రాజు గారికి పద్మశ్రీ వచ్చినంక ఆ టోపీ బొమ్మ అందరికీ తెలిసింది కూడా. గీసే ముందు తాతను అడిగినం. దండారి మొదలుకాకముందు దానికి పూజ చేస్తారు, ఊరికే ముట్టరు. తాత చాలాసేపు స్క్రీన్ చూసి గోండిలో ఒక మాట అన్నాడు. తెలుగులో చెప్తే ఇట్ల: "అది తల మీద పెట్టుకునేది. వేలుతోని పొడిచేది కాదు." మౌస్‌తో క్లిక్ చేయడం ఆయనకు పొడిచినట్టు కనపడింది. ఇంకోటి అడిగాడు, "ఇది లాగి ఆ పెంటకుప్పల వెయ్యొచ్చా?" వెయ్యొచ్చు తాతా అన్నా. "అయితే వద్దు" అన్నాడు. మరి నెమలి ఈక ఒక్కటి గీయొచ్చా అంటే, "అడవిల రాలిన ఈక ఎవరు ఏరుకుంటే వాళ్లది" అన్నాడు. అందుకే మా పిక్చర్స్ ఫోల్డర్‌కి ఒకటే ఈక ఉంటది.

దీని గురించి మీరందరూ ఆలోచించాలని అడుగుతున్నా. మన వస్తువులు, మన రంగులు ఇప్పుడు లోగోల్లో, టీషర్టుల మీద, స్టిక్కర్లలో తిరుగుతున్నాయి. బయటివాళ్లు అడగకుండా వాడితే మనకు కోపమొస్తది. మన మనుషులమే అయినా మన పెద్దవాళ్లను అడగడం మన పద్ధతి. ఏది బొమ్మ కావొచ్చు, ఏది కాకూడదు అన్నది సాఫ్ట్‌వేర్ చెప్పదు. తాతనే చెప్పాలి.

నాలుగోది, అక్షరాలు. పాత గేమ్ అక్షరాల కోసం ప్రెస్ స్టార్ట్ టూ పీ అనే ఉచిత ఫాంట్ పెట్టా. ఒక్కో అక్షరం 8 గడుల చదరంలో ఉంటది. ఇంగ్లీష్ పేర్లు బ్రహ్మాండంగా వచ్చాయి. తెలుగు పేర్లు మాత్రం మామూలుగానే ఉన్నాయి, ఎందుకంటే ఆ ఫాంట్‌లో తెలుగు లేదు. లేనప్పుడు సిస్టమ్ వేరే ఫాంట్ నుంచి తెచ్చి పెడతది. 8 గడుల్లో "స్త్రీ" అని రాయడానికి ప్రయత్నించండి, పైన గుడి దీర్ఘం, కింద రెండు వత్తులు, ఎందుకు కష్టమో తెలుస్తది.

తర్వాత ఒక ఫోల్డర్‌కి గుంజాల గోండి లిపిలో "రోన్" అని పేరు పెట్టినం. రోన్ అంటే ఇల్లు. అక్షరాల బదులు డబ్బాలొచ్చాయి, ఒక్కో డబ్బాలో చిన్న చిన్న అంకెలతో. మేరియో థీమ్‌లో అవి నిజంగా ఇటుకల లెక్కనే ఉన్నాయి. తమ్ముడు అదే మన లిపి అనుకుని "బాగున్నయ్" అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

తెలియనివాళ్ల కోసం చెప్తా. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాల ఊళ్లో దొరికిన రాతప్రతుల్లోని లిపి ఇది. ప్రొఫెసర్ జయధీర్ తిరుమలరావు గారి బృందం వాటి మీద పనిచేసి వెలుగులోకి తెచ్చింది. 2018లో యూనికోడ్ 11వ వెర్షన్‌లో దానికి చోటు దొరికింది. అంతకు ముందు ఏడాది, 2017లో, మసరాం గోండి లిపికి దొరికింది. సవర మిత్రులకు, మంగై గొమాంగో గారు 1936లో తయారుచేసిన సొరంగ్ సొంపెంగ్ లిపి 2012లోనే యూనికోడ్‌లోకి వచ్చింది. అంటే చోటు ఉంది. నోటో ఫాంట్లలో ఈ మూడింటికీ ఉచిత ఫాంట్లు కూడా ఉన్నాయి. నా మిషన్‌లో అది లేదు, అంతే. ఫాంట్ ఫైల్ తెచ్చి లోకల్, షేర్ లోపల ఫాంట్స్ అనే ఫోల్డర్‌లో వేసి కాజాని మూసి తెరిచినం. ఇటుకలు పోయి అక్షరాలొచ్చాయి. ఈసారి తమ్ముడు ఏం అనలే. స్క్రీన్ దగ్గరకు జరిగి చూశాడు.

ఈ పనంతా చేసినంక నాకు అర్థమైంది ఒకటే. కంప్యూటర్‌కి మన మీద ప్రేమ లేదు, పగ లేదు. అది పేరు పట్టుకుని వెతుకుతది. మనది ఉంటే మనది చూపిస్తది. లేకపోతే వారసత్వం అని రాసిన చోటికి పోయి వేరేవాళ్లది తెచ్చి పెడతది. అదీ లేకపోతే డబ్బా చూపిస్తది. వేరేవాళ్లది వాడుకోవడం తప్పేమీ కాదు, మింట్-వై వాళ్ల బొమ్మలు లేకపోతే నా థీమ్ నడవదు కూడా. కానీ మనం పెట్టేదాకా మన జాగాలో మనది కనపడదు. బతిమాలితే రాదు, కోపం చేస్తే రాదు. ఒక్కో బొమ్మ, ఒక్కో అక్షరం, ఒక్కో పేరు ఎవరో కూర్చుని పెట్టాలి. మొత్తం ఒకేసారి చేయాల్సిన పని లేదు, రోజుకు ఒక్కటి పెట్టినా నడుస్తది.

చివరికి ఇంకో ఉపయోగం కూడా దొరికింది. తాత పాటలు నేను ఫోన్‌లో రికార్డ్ చేసి పెట్టా, అన్నీ అంకెల పేర్లతో ఉండేవి. తాతకు చదువు రాదు. కాజాలో ఫోల్డర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, అక్కడున్న బొమ్మ మీద నొక్కితే ఆ ఒక్క ఫోల్డర్‌కి వేరే బొమ్మ పెట్టుకోవచ్చు. ఎండాకాలం పాటలకు ఇప్పపువ్వు, వానాకాలం పాటలకు నాగలి, పెళ్లి పాటలకు పందిరి. ఇప్పుడు తాత స్క్రీన్ చూపించి "ఆ ఇప్పపువ్వు తియ్యి" అంటాడు. విని, "ఇది సగమే ఉంది, మిగతాది రాయి" అని మళ్లీ పాడతాడు. పేర్లు చదవలేక ఇన్నాళ్లు ఏ పాట ఎంతవరకు ఉందో ఆయనకు తెలియలేదు. బొమ్మలు పెట్టినంక మూడు పాటలు పూర్తయ్యాయి.

ఒక హెచ్చరిక. ఇట్ల ఒక్కో ఫోల్డర్‌కి పెట్టిన బొమ్మ ఆ ఫోల్డర్ లోపల ఉండదు, మన మిషన్‌లో వేరే చోట రాసి ఉంటది. పెన్ డ్రైవ్‌లో కాపీ చేస్తే పాటలు పోతాయి గానీ బొమ్మ వెంట రాదు. కాబట్టి ఫైళ్లకు పాట పేరు, పాడినవాళ్ల పేరు, ఊరు, నెల అక్షరాలతో రాసి పెట్టండి. బొమ్మ తాత కోసం, పేరు తర్వాత వచ్చేటోళ్ల కోసం.

తమ్ముడు సెలవులు అయిపోయి హాస్టల్‌కి పోయాడు. పోయేముందు నన్ను అడగకుండానే సీఎస్ఎస్ ఫైల్ తెరిచి ఆకాశం రంగు మార్చేశాడు. పొద్దుగూకే వేళ నారింజ రంగు. నేను అట్లనే ఉంచా.

థీమ్ కావాలన్నవాళ్లకు పంపిస్తా. అట్లనే వాడుకోకండి, మీ ఇంట్లో ఉన్నవి పెట్టుకోండి. కోయ, కొలాం, సవర, కొండరెడ్డి, బంజారా, ఎవరి ఇంటి గంప వాళ్లకు వేరేగా ఉంటది. వీడియోస్ ఫోల్డర్‌కి మాకు ఇంకా బొమ్మ తోచలే, అక్కడ ఇప్పటికీ మింట్-వై వాళ్లదే కనపడుతోంది. మీకేమన్నా తోస్తే గడుల నోట్‌బుక్‌లో గీసి ఫోటో పంపండి. 16 గడులు, మూడు రంగులు. ముందు ఇంట్లో పెద్దవాళ్లను ఒక మాట అడగండి.